మూడు జానల దిగువన నీళ్లు

ఆగస్టు 3

ఈ పుస్తకం నా మనవరాలు ఇచ్చింది. నర్సరీలో మొక్కల జాబితా రాయడానికి తెప్పించిన రిజిస్టరు. అట్ట తడిసి వంకరపోయిందని నా పాలబడింది. "నీ మాటలకు నేనొక్కదాన్నే చాలట్లేదు అమ్మమ్మా, కొన్ని ఇందులో మాట్లాడుకో" అంది. నా నోటి నుంచి తన చెవులు కాపాడుకోవడానికి చేసుకున్న ఏర్పాటు ఇది. అయినా గీతల కాగితం చూస్తే నా చెయ్యి ఊరుకోదు. ముప్ఫై ఏళ్లు పిల్లల సైన్సు రికార్డుల్లో ఎర్రసిరాతో రాసిన చెయ్యి.

తగువంతా పల్లం గురించి. నర్సరీ వెనక, వాగు పక్కన ఉన్న ఎకరం ముక్క. ఎప్పుడూ తడిగానే ఉంటుంది. వాగు ఏటా గట్టును కొరుక్కుతింటోంది. పోయినేడు కంచె స్తంభాలు నాలుగు పట్టుకుపోయింది. గట్టు నిలవాలంటే చెట్ల వేళ్లు పట్టుకోవాలని మనవరాలు రెండేళ్లుగా రెండువందల నలభై నేరేడు మొక్కలు పెంచింది. గింజ తనే నాటింది, సంచి తనే మార్చింది, పురుగు తనే ఏరింది. ఆలోచన మంచిదే. ఆలోచన వాళ్ల తాతయ్యది.

ఎప్పుడు నాటాలన్నదే పేచీ. వానలు పది రోజులుగా తెరిపిచ్చాయి, నేల మెత్తగా ఉంది, ఈ నెలలోనే నాటేస్తానంటుంది. నవంబరు దాకా ఆగమంటాను నేను.

"నేరేడు నీళ్లలో కూడా బతుకుతుందని నువ్వేగా చెప్పావ్?"

"చెట్టయితే బతుకుతుంది. పిల్లమొక్క వేళ్లకు గాలి కావాలి. పెద్దయ్యాక ఈత కొడతావని నిన్ను పుట్టిన రోజే చెరువులో వేశామా?"

నవ్వలేదు. వచ్చే నెల వాగు పొంగి పల్లం మునుగుతుందని చెప్పాను. ఈలోపల వేళ్లు దిగుతాయంది. నెల రోజుల్లో ఏ వేళ్లు దిగుతాయి, దాని మొహం.

ఆగస్టు 4

ఎండ. పారలు, గునపాలు కడిగి వరుసగా పెట్టుకుంది. నాతో మాట్లాడలేదు. హాయిగా ఉంది.

ఆగస్టు 7

హాయిగా ఏమీ లేదు.

తడినేలలో ఎప్పుడు నాటాలో మా ఆయన పంచాంగం చూసి చెప్పేవారు కాదు, ఆకాశం చూసి చెప్పేవారు కాదు. గొయ్యి చూసి చెప్పేవారు. పల్లం నడిమధ్య నాలుగు జానల లోతు గొయ్యి ఒకటి. పక్కన వెదురుకర్ర ఒకటి. కర్రకు జానకో గాటు, మధ్యలో వేలికో గీత, జానకు పన్నెండు వేళ్లు, మూడో జాన దగ్గర ఎర్రరంగు. రోజూ పొద్దున్నే వెళ్లి, నేలమట్టానికి నీళ్లు ఎంత దిగువన ఉన్నాయో కొలిచేవారు. నీళ్లు వరసగా ఏడు పొద్దులు ఎర్రగీతకు కిందే ఉంటే నాటవచ్చు. మధ్యలో ఒక్కరోజు గీత దాకా లేచినా లెక్క మళ్లీ ఒకటి నుంచి.

"ఏడే ఎందుకు? ఆరయితే మొక్కకు కోపం వస్తుందా?" అని అడిగాను పెళ్లయిన కొత్తలో. డిగ్రీ చదివొచ్చిన పొగరు.

"ఆరు రోజులు బుద్ధిగా ఉండడం ఎవరికైనా చేతనవుతుంది. ఏడో రోజే కష్టం" అన్నారు.

నన్నే అన్నారేమోనని రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు గొయ్యి చూపిస్తానని తీసుకెళ్లారు. తోవంతా బురద. చెప్పులు చేత్తో పట్టుకుని, నా చెయ్యి ఆయన పట్టుకుని. గోతిలోకి వంగి చూస్తే నీళ్లలో రెండు తలలు కనిపించాయి, వెనక మబ్బు. "కదలకు, నీళ్లు తేరుకోనీ" అన్నారు. తేరుకునేదాకా అలాగే వంగి ఉన్నాం. నడుం నొప్పి పుట్టింది. అంతకుమించి ఏమీ జరగలేదు. నలభై మూడేళ్లయింది.

ఆ కర్ర ఇప్పుడు నా గది కిటికీకి తెర వేలాడే కడ్డీ. ఆయన పోయి ఎనిమిదేళ్లు. లేవగానే ఎర్రగీతే కనిపిస్తుంది.

ఆగస్టు 9

మనవరాలికి గోతిపుస్తకం దొరికింది. షెడ్డులో, పాత విత్తనాల పెట్టె అడుగున. చేటంత మొహం చేసుకుని వచ్చింది.

ఆయన కొలిచిన లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి, ముప్ఫై అయిదేళ్లకు పైబడినవి. నేను కూర చేసుకుంటుంటే స్టూలు మీద కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టింది.

"తాతయ్యేంటి, ఈ పేజీల్లో ప్రతి అంకె పక్కనా 'చూసి రాశాను' అని రాసుకున్నాడు? ఎవరో సాక్షి సంతకం అడిగినట్టు?"

"చాదస్తం."

"ఇదిగో, ఆ సంవత్సరం దొరికింది. పల్లంలో మొక్కలు పెట్టిన ఏడు." ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివింది. "రెండు జానల తొమ్మిది వేళ్లు. రెండు జానల పది. రెండు జానల పదకొండు. మూడు జానలు. మూడు జానల ఒకటి..." అలా మూడు జానల ఏడు వేళ్ల దాకా. పదకొండు రోజులు. "చూశావా? చివరి ఏడు పొద్దులూ నీళ్లు గీతకు కిందే ఉన్నాయి. తాతయ్య పద్ధతి ప్రకారమే నాటారు. వానలు తగ్గాకే నాటారు. అయినా మూడువందల మొక్కలూ చచ్చాయిగా?"

"చచ్చాయి."

"అంటే గొయ్యి చెప్పింది తప్పు. వానలు వెళ్లాక నాటడమే తప్పు. చలికి వేళ్లు ముడుచుకుపోయాయో ఏమో. అందుకే ఇప్పుడు నాటాలంటున్నా."

"మీ తాతయ్యది తొందర. అందుకే పోయాయి."

"తొందరెక్కడుంది? ఏడు రోజులు ఆగాడుగా! ఇంకో సంగతి అమ్మమ్మా. ఈ పదకొండు రోజుల రాత నీది. గుండ్రంగా, ముత్యాల్లా. తాతయ్య రాతైతే సందేహించేదాన్నేమో. నువ్వు రాసిందంటే ఇంక తిరుగులేదు."

కూర మాడింది. దానికీ నన్నే అంది.

ఆగస్టు 10

ఆయనది తొందర. ఆ రోజుల్లో అందరూ అదే అన్నారు. మామగారూ అన్నారు. ఆయనే అన్నారు, "తొందరపడ్డాను" అని, నలుగురి ముందు. నేను అనలేదు. మొదట నేను అనలేదు.

ఆగస్టు 12

కూలీలకు చెప్పేసింది. ఇరవైరెండున వస్తారు. గుర్తుపుల్లలు పాతడానికి గునపాన్ని పిలిచింది.

గునపం అంటే మనిషి. నర్సరీలో పెద్ద పనివాడు. సన్నగా నిటారుగా ఉంటాడని ఆయన పెట్టిన పేరు. అసలుపేరు వాడే మర్చిపోయి ఉంటాడు. ఆయన దగ్గర పంతొమ్మిదో ఏట చేరాడు. ఇప్పుడు గునపం కొంచెం వంగింది.

వరండా మెట్ల మీద టీ తాగుతూ అన్నాడు. "టీచరమ్మా, చిన్నమ్మ ఇప్పుడు నాటేస్తే మునిగిపోవూ?"

"నాకు చెప్పి ఏం లాభం? దానికి చెప్పు."

"చెప్పా. పుస్తకం చూపించింది. మీరు రాసిందంట." ఊదుకుంటూ ఒక గుక్క తాగాడు. "ఆ గొయ్యి పూడ్చింది నేనేగా, అయ్యగారు ఊరి నుంచి రాకముందు. దూడ పడిపోద్దన్నారు మీరు."

"అన్నాను."

"అప్పుడు మనకు దూడ లేదు టీచరమ్మా."

నేను కొంగుతో మెట్టు మీది దుమ్ము దులిపాను.

"మట్టి వేస్తుంటే నీళ్లు ఎగిరి నా మొహాన పడ్డాయి" అన్నాడు. గ్లాసు కడిగి బోర్లించి పోయాడు. టీ బాగుందని కూడా చెప్పాడు. నలభై ఏళ్లకుపైగా ఒక్కసారీ చెప్పలేదు ఆ మాట. టీ సంగతి అంటున్నాను.

ఆగస్టు 13

టీ సంగతి కాదు.

ఆగస్టు 14

మోకాళ్ల నొప్పి. రాయడానికేం లేదు.

ఆగస్టు 17

పిల్లలు ప్రాక్టికల్ చెయ్యకుండా అంకెలు రాస్తే నేను ఇట్టే పట్టేసేదాన్ని. బడిలో అందరూ నన్ను రీడింగుల టీచరనేవారు. ఒకసారి హెడ్మాస్టరు అడిగారు, ఎలా పడతారమ్మా అని. "చూసి రాసిన అంకెలు వంకరగా ఉంటాయండీ, ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. కూర్చుని రాసినవి పెళ్లిఫొటోలో నిలబెట్టినట్టు వరసగా ఉంటాయి" అన్నాను. అబ్బో అన్నారాయన. స్టాఫ్ రూములో ఆ మాట చాన్నాళ్లు చెప్పుకున్నారు.

నాకెలా తెలిసిందో ఎవరూ అడగలేదు.

ఆగస్టు 18

ఈ పుస్తకం ఎవరూ చదవరు. అయినా ఇన్ని పేజీలు తిరిగొచ్చాను దీని దగ్గరికి రావడానికి. రాసేస్తాను.

ఆ ఏడు వానలు ఆలస్యంగా పోయాయి. అక్టోబరు నెలాఖరు. మామగారికి పట్నంలో ఆపరేషన్, మా ఆయన తోడు వెళ్లారు. వెళ్తూ కర్ర నా చేతిలో పెట్టారు. "రోజూ పొద్దున్నే ఒక్కసారి చూసి రాయి. చదువుకున్నదానివి, నాకంటే బాగా రాస్తావు." నాకు టీచరు ఉద్యోగం పరీక్ష పదిహేను రోజుల్లో. అయినా సరేనన్నాను.

మొదటి రోజు వెళ్లాను. రెండో రోజూ వెళ్లాను. తిరిగి వస్తుంటే జారి బురదలో కూర్చుండిపోయాను, మూరెడు దూరంలో జలగ. మూడోరోజు వరండాలో పరీక్ష పుస్తకం ముందేసుకుని ఆలోచించాను. మొదటి రోజుకీ రెండో రోజుకీ నీళ్లు ఒక వేలు దిగాయి. వానలు పోయాయి కనక రోజుకో వేలు చొప్పున దిగుతాయి. ఇందులో చూడ్డానికేముంది? లెక్క వేసి రాశాను. బద్ధకం అనుకోలేదు, చదువు అనుకున్నాను. తొమ్మిది రోజులు.

ఎనిమిదో రోజు రాత్రి వాన పడింది. గట్టి వాన. పడుకుని విన్నాను. పొద్దున్నే లేచి మూడు జానల అయిదు వేళ్లని రాశాను. అంతకుముందు రోజు నాలుగు రాశాను కదా మరి.

పదోరోజు భయమేసింది. ఆయన వస్తే ముందు గోతి దగ్గరికే వెళ్తారు. గునపాన్ని పిలిచి పూడ్పించాను.

పదకొండో రోజు సాయంత్రం వచ్చారు. స్నానం కూడా చెయ్యకుండా గోతిపుస్తకం తీశారు. "ఏడు పొద్దులూ కిందేనా? వానలు ఆలస్యమైనా భలే దిగాయే!" అన్నారు. ఎంత సంతోషమో. మర్నాడే కూలీలను పిలిచారు. పూడిన గొయ్యి చూసి కూడా ఏమీ అడగలేదు. నేరేడు గుంటలు లోతు ఉండవు, జానన్నర తవ్వితే చాలు. అడుగున చెమ్మ చూసి, "తడి ఎక్కువగా ఉందే" అని నావైపు చూశారు. "పుస్తకంలో రాశాను కదా" అన్నాను. తలూపి మొక్క దించారు.

మూడోవారానికి ఆకు పసుపురంగుకు తిరిగింది. రెండో నెలకు మూడువందలూ పోయాయి. పీకి చూస్తే వేళ్లు నల్లగా, మెత్తగా, వాసన.

మామగారు పట్నం నుంచి వచ్చి చూసి, "నీకన్నిటికీ తొందరేరా" అన్నారు. ఆయన "తొందరపడ్డాను" అన్నారు. నేను తలుపు పక్క నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. లోపలికి వెళ్లి అన్నం వార్చాను. ఆ రోజే నాకు పరీక్ష ఫలితాలు వచ్చాయి, పాసయ్యాను.

ఆయన పల్లంలో కొత్త గొయ్యి తవ్వుకుని మళ్లీ కొలవడం మొదలుపెట్టారు. ప్రతి నవంబరులో అన్నం ముందు కూర్చుని అడిగేవారు. "పల్లంలో ఎప్పుడు వేద్దాం?" ప్రతి నవంబరులో నేను, "మీ తొందరకు ఒకసారి పోయినవి చాలు" అనేదాన్ని. నవ్వి ఊరుకునేవారు. వాగు గట్టు తింటూనే ఉంది.

మొదట నేను అనలేదని రాశాను పైన. అంతే నిజం. తర్వాత ముప్ఫై నాలుగేళ్లు అన్నాను.

ఆగస్టు 19

చెప్పేద్దామని షెడ్డుకు వెళ్లాను. మొక్కల సంచులు తడుపుతోంది. "నా దగ్గర ఒక అమ్మాయి చదివేది. ఓసారి చూడకుండా రీడింగులు రాసింది" అని మొదలుపెట్టాను.

"నువ్వు దాని రికార్డు చింపేసి ఉంటావ్" అంది.

"ఊఁ."

"మంచి పని చేశావ్."

తిరిగొచ్చేశాను. ఎల్లుండి ఇరవయ్యొకటి. ఆ తర్వాత కూలీలు.

ఈ మొక్కలు కూడా చస్తే ఈ పనే మానేసి బ్యాంకు పరీక్ష రాసుకుంటానని పొద్దున గునపంతో అంటుంటే విన్నాను. నవ్వుతూనే అంది. వాళ్ల తాతయ్యా నవ్వుతూనే అనేవారు అన్నీ.

ఆగస్టు 21

చెప్పాను.

షెడ్డులోనే, పొద్దున్నే. ఆ మొక్కల వరసల మధ్య ఒక పీట ఉంది, కలుపు తీసేటప్పుడు కూర్చునేది. దాని మీద కూర్చున్నాను. నిలబడి చెప్పలేననిపించింది.

"ఆ పదకొండు రోజుల్లో నేను చూసింది రెండు రోజులే."

"ఏ పదకొండు?"

"గోతిపుస్తకంలో. నా రాత, ముత్యాల్లా అన్నావే."

గొట్టం ఇంకా నడుస్తోంది. సంచి నిండి నీళ్లు దాని కాళ్ల మీద పడుతున్నాయి. చూసుకోలేదు. "మిగతా తొమ్మిది?"

"లెక్క వేశాను. నీళ్లు దిగలేదు. గొయ్యి తప్పు చెప్పలేదు, నేను చెప్పాను. మీ తాతయ్య పద్ధతి నిక్షేపంగా ఉంది. నువ్వు రేపు నాటకు."

పోయి కొళాయి కట్టేసింది. అటు తిరిగే నిలబడింది. నేను దాని జడ చూస్తూ కూర్చున్నాను, ఎప్పుడో నేనే అల్లేదాన్ని.

"ఇంటర్లో నా రికార్డు చింపేశావ్, గుర్తుందా? పక్కపిల్ల దగ్గర చూసి ఒక్క అంకె రాశానని. ఒక్కటి. మొత్తం మళ్లీ రాయించావ్, నలభై పేజీలు."

"నలభై రెండు."

ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. నోరు అంతే.

ఇటు తిరిగింది. ఏడవడం లేదు, అదే కష్టంగా ఉంది. "తాతయ్యకు తెలుసా?"

"తెలియదు."

"నాకు నాలుగేళ్లప్పటి నుంచి చెప్తున్నావ్. తాతయ్యది తొందర, తాతయ్యది తొందర అని. నేను తాతయ్య ముందే ఎగురుతూ పాడేదాన్ని ఆ మాట. నవ్వేవాడు." గొట్టం చుట్టసాగింది, చుట్ట మీద చుట్ట. "ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా చెప్పాలనిపించలేదా అమ్మమ్మా?"

"రోజూ అనిపించింది."

"మరి?"

"ఏడో రోజే కష్టం" అన్నాను. దానికి అర్థం కాలేదు. చెప్పే ఓపిక లేదు నాకు.

బయటికి వెళ్లి ఫోన్ చేసింది. కిటికీలోంచి వినిపించింది. "రేపు వద్దు. ఎప్పుడా? గొయ్యి చెప్పినప్పుడు."

ఆగస్టు 22

మాట్లాడలేదు. అన్నం మాత్రం వడ్డించింది.

ఆగస్టు 30

మాట్లాడలేదు. వాన.

సెప్టెంబరు 13

నాలుగు రోజుల ముసురు. వాగు పొంగింది. కంచె దగ్గరికి వెళ్తే మనవరాలు అప్పటికే అక్కడ ఉంది, గొడుగు లేకుండా. పల్లం లేదు, నీళ్లే. గునపం పాతిన గుర్తుపుల్లలు కొసలు కూడా కనబడడం లేదు.

"అన్నీ మునిగేవి" అంది.

"మునిగేవి."

కాసేపటికి నా మోచెయ్యి పట్టుకుంది. నేను జారుతాననే కావచ్చు. ఇంటిదాకా వదల్లేదు.

అక్టోబరు 16

నా గది కిటికీకి తెర లేదు. ఎండ మొహాన కొట్టి మెలకువ వచ్చింది. బయటికి వస్తే కర్ర వరండా గోడకు ఆనించి ఉంది, కడిగి. గోతిపుస్తకం స్టూలు మీద.

"గునపంతో గొయ్యి తవ్వించాను. రోజూ పొద్దున్నే నువ్వే చూడాలి, నువ్వే రాయాలి. నేను రాను, పుస్తకం తెరవను. ఏడు పొద్దులయ్యాక చెప్పు, కూలీలను పిలుస్తా" అంది.

"మోకాళ్లు..."

"గునపం తోడొస్తాడు. గోతిలోకి మాత్రం నువ్వే చూడాలి."

ఎవరి పోలికో ఈ పిల్ల నోరు.

ఒక జాన రెండు వేళ్లు.

అక్టోబరు 17

ఒక జాన రెండు వేళ్లు. నిన్నటంతే. నీళ్లు కదల్లేదు.

అక్టోబరు 24

రెండు జానలకు వేలు తక్కువ. బురద తగ్గింది. గోతిలోకి వంగితే ఒక్క తలే కనిపిస్తుంది. అయినా నీళ్లు తేరుకునేదాకా కదలడం లేదు.

నవంబరు 1

ఇవాళ గోతిపుస్తకం మొదటి నుంచి తిరగేశాను. తీరుబడిగా, కళ్లజోడు తుడుచుకుని.

మొదటి పేజీలు పెళ్లికి ముందువి. అంకె, తేదీ, అంతే. పెళ్లయ్యాకా అంతే. అంకె, తేదీ. నా పదకొండు రోజులు. ఆ పేజీ తెల్లగా మల్లెపూవులా ఉంది. ఆయన పేజీలన్నిటి మీదా బురదవేళ్లు.

తర్వాత పేజీ, ఆ ఏడే డిసెంబరు, కొత్త గొయ్యి తవ్వుకున్న రోజు. రెండు జానల ఒక వేలు. పక్కన, మొట్టమొదటిసారి: చూసి రాశాను.

ఆ తర్వాత ప్రతిరోజూ. ముప్ఫై నాలుగేళ్లు. ప్రతి అంకె పక్కనా.

పుస్తకం రోజూ వరండాలో నా కుర్చీ పక్కనే పెట్టేవారు. నేను ఎప్పుడూ తెరవలేదు.

నవంబరు 2

గోతి దగ్గర గునపాన్ని అడిగాను. "నీళ్లు ఎగిరి మొహాన పడ్డాయన్నావే. అయ్యగారికి చెప్పావా?"

"ఏ నీళ్లు టీచరమ్మా?" అన్నాడు. చాలా శ్రద్ధగా చెప్పు అంచున ఉన్న బురద గీసుకోవడం మొదలుపెట్టాడు.

మనవరాలికి చెప్పాను, తాతయ్యకు తెలుసని. పేజీ చూపించాను. ఆ మాట మీద వేలు పెట్టింది. "చాదస్తం అన్నావుగా" అంది. అని తన తల నా భుజం మీద పెట్టింది, బరువుగా, చిన్నప్పటిలా.

ఆయన దెప్పింది నాకు అందడానికి ఇన్నేళ్లు పట్టింది. రోజుకో రెండు మాటలు, పైకి అనకుండా. నేను పైకి అన్నదానికి ఆయన జవాబు.

నవంబరు 5

మూడు జానల ఒక వేలు. ఒకటి.

నవంబరు 9

మూడు జానల నాలుగు వేళ్లు. అయిదో పొద్దు. మధ్యలో ఒకరోజు నీళ్లు వేలు లేచాయి, మళ్లీ దిగాయి. వంకర అంకెలు. చూస్తే ముద్దొస్తున్నాయి.

నవంబరు 10

తెల్లవారుజామున వాన, గంటసేపు. మూడు జానలకు వేలు తక్కువ.

కర్ర తుడిచి మళ్లీ ముంచాను. మూడు జానలకు వేలు తక్కువ. నీళ్లు ఎర్రగీతకు ఒక్క వేలు పైన. గునపం అటు తిరిగి వాగు చూస్తున్నాడు. పోయినసారీ ఒక్క వేలు చొప్పునే పోయింది.

ఇంటికొచ్చి చెప్పాను. మనవరాలు తల పట్టుకుంది. "సంచుల్లో వేళ్లు చుట్టుకుపోతున్నాయి అమ్మమ్మా. ఎల్లుండికి కూలీలు దొరుకుతారు. ఒక్క వేలేగా?"

"ఒక్క వేలే."

"అంటే ఆరు?"

"అంటే సున్నా."

నవ్వొచ్చింది దానికి. ఇద్దరికీ వచ్చింది. "నలభై రెండు పేజీలు రాయించిన మనిషివి" అంది.

నవంబరు 12

మూడు జానల ఒక వేలు. ఒకటి. చూసి రాశాను.

నవంబరు 13

మూడు జానల రెండు. చూసి రాశాను.

నవంబరు 14

మూడు జానల రెండు. చూసి రాశాను.

నవంబరు 15

మూడు జానల నాలుగు. జలగ ఒకటి కనిపించింది. పలకరించాను. చూసి రాశాను.

నవంబరు 16

మూడు జానల మూడు. చూసి రాశాను.

నవంబరు 17

మూడు జానల అయిదు. ఆరు. రాత్రంతా మబ్బు, పడలేదు. చూసి రాశాను.

నవంబరు 18

మూడు జానల అయిదు. ఏడు.

రోజూలాగే గోతిపుస్తకంలో కూడా, ఆయన రాత కింద, రాసి వచ్చాను. నా వేళ్ల బురద పేజీ మీద పడింది. తుడవలేదు.

నవంబరు 19

పొద్దున్నే కూలీలు వచ్చారు. గుంటలు మనవరాలు కొలిపించింది. ప్రతి గుంటలో చెయ్యి పెట్టి చూసింది, అడుగున చెమ్మ ఉందిగానీ నీళ్లు లేవు. మొదటి మొక్క నా చేతికిచ్చింది. సంచి చీరి, మట్టిముద్ద చెదరకుండా దించాను. మోకాళ్ల మీద కూర్చుంటే ఇక లేవలేకపోయాను, గునపం ఒక చెయ్యి, అది ఒక చెయ్యి పట్టుకుని లేపారు. గునపం నా కంటే కష్టపడ్డాడు.

సాయంత్రానికి రెండువందల నలభై. గట్టు మీద నిలబడి చూస్తే, మొక్కలు కనబడవు, పక్కన కట్టిన పుల్లలే కనబడతాయి. పర్వాలేదు.

అన్నం ముందు కూర్చుంటే ఆయన అడగడం గుర్తొచ్చింది. పల్లంలో ఎప్పుడు వేద్దాం అని, ప్రతి నవంబరులో.

ఇవాళ వేశామండీ. ఏడు పొద్దులు ఆగాం. చూసి రాశాను.